ఇల్లలకడం, పండుగ: తెలుగునాట చిత్రభూమి సంస్కారం – విమర్శ దృష్టి

సారాంశం

చిత్రరచనకు ముందు గోడను, గుడ్డను సిద్ధం చేసే పనిని తెలుగు కళావిమర్శ సాధారణంగా ఉపోద్ఘాతంగానే చూసింది. లేపాక్షి కుడ్యచిత్రాలు, శ్రీకాళహస్తి కలంకారీ, చేర్యాల పటాలు అనే మూడు సంప్రదాయాలలో ఈ పని చిత్రం రూపాన్ని, వినియోగాన్ని, మన్నికను ఏ విధంగా నిర్ణయిస్తున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. భూమి సంస్కారాన్ని విస్మరించిన విమర్శకు అసలునూ అనుకరణనూ వేరుచేసే ఆధారం ఉండదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: భూమిబంధనం, షడంగాలు, గార, కరక్కాయ, సుద్ద, చింతగింజల జిగురు, పటం.

1. ప్రవేశిక

‘ఇల్లలకగానే పండుగ కాదు’ అన్నది తెలుగు సామెత. ‘గోడ ఉంటేనే చిత్రం’ అన్న అర్థంలో సంస్కృత వ్యాఖ్యాతలు చెప్పే న్యాయం ‘సతి కుడ్యే చిత్రమ్’. సన్నాహాన్ని చూసి కార్యం ముగిసిందని భ్రమపడవద్దని మొదటిది హెచ్చరిస్తుంది. ఆధారం లేనిదే కార్యం లేదని రెండవది గుర్తుచేస్తుంది. తెలుగులో చిత్రకళను గురించి వచ్చిన రచనలలో మొదటి హెచ్చరిక బాగా నాటుకుంది, రెండవది అంతగా నాటుకోలేదు. లేపాక్షిని గురించి రాసేవారు కిరాతార్జునీయ ఘట్టంతోనో పార్వతీ కల్యాణంతోనో ప్రారంభిస్తారు. చేర్యాల పటాన్ని గురించి రాసేవారు కులపురాణంతో ప్రారంభిస్తారు. గోడకు పూసిన గార, గుడ్డకు పట్టించిన సుద్ద ఒక వాక్యంలో వచ్చి, ఆ వాక్యంతోనే వెళ్లిపోతాయి.

ఈ విస్మృతి కేవలం సమాచార లోపమైతే మరికొన్ని వివరాలు చేర్చి పూరించవచ్చు. ఇది దృష్టికి సంబంధించిన లోపం. బొమ్మ వేరు, బొమ్మను మోసే తలం వేరు అన్న విభజనను ముందే అంగీకరించిన తరువాత ఎన్ని వివరాలు చేర్చినా అవి బొమ్మ విలువను నిర్ణయించే చోటికి చేరవు. ఈ విభజన ఎక్కడి నుండి వచ్చిందో, తెలుగునాటి మూడు సంప్రదాయాలలో అది ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించవలసి ఉంది.

2. షడంగాలు, అష్టాంగాలు

భారతీయ చిత్రకళను విశ్లేషించేటప్పుడు తరచుగా ఆధారం చేసుకునే ప్రమాణం షడంగాలు. వాత్స్యాయన కామసూత్రాలకు యశోధరుడు రాసిన జయమంగళ వ్యాఖ్యలో రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం అనే ఆరు అంగాలు పేర్కొనబడ్డాయి. అవనీంద్రనాథ ఠాకూరు ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో వీటిని వివరిస్తూ రాసిన తరువాత ఈ ఆరు పేర్లు దేశభాషలన్నిటిలోని కళావిమర్శకు పరిభాషగా స్థిరపడ్డాయి. ఈ జాబితాలో రంగుల మేళనానికి చోటుంది, రంగు నిలిచే తలానికి లేదు.

భోజుని పేరిట ఉన్న సమరాంగణ సూత్రధారం మరొక జాబితాను ఇస్తుంది. అందులో చిత్రకర్మకు అంగాలు ఎనిమిది. మొదటిది వర్తిక, అంటే గీయడానికి వాడే పుల్ల. రెండవది భూమిబంధనం. రేఖ, వర్ణం ఆ తరువాతనే వస్తాయి. గోడ, పలక, గుడ్డ అనే ఆధార భేదాన్ని అనుసరించి భూమిబంధనం మారుతుందని కూడా ఆ గ్రంథం చెబుతుంది.

ఈ రెండు జాబితాల మధ్య వైరుధ్యం లేదు, స్థానభేదం ఉంది. షడంగాలు పూర్తయిన చిత్రం ఎదుట నిలబడిన సహృదయుని ప్రశ్నలు. అష్టాంగాలు ఖాళీ గోడ ఎదుట నిలబడిన చిత్రకారుని పనుల క్రమం. కామశాస్త్రం నాగరకుని విద్యలను లెక్కిస్తుంది కనుక దానికి మొదటి దృష్టి సహజం. వాస్తుశాస్త్రం కట్టేవారిని ఉద్దేశించినది కనుక దానికి రెండవ దృష్టి సహజం. ఈ రెండింటిలో సహృదయుని జాబితాను మాత్రమే స్వీకరించిన విమర్శ, చిత్రకారుడు తన పనిలో రెండవదిగా లెక్కించుకున్న అంగాన్ని పనికి వెలుపల నిలిపింది.

3. శాస్త్రంలోని గోడ

విష్ణుధర్మోత్తర పురాణం మూడవ ఖండంలోని చిత్రసూత్రం గోడను సిద్ధం చేసే విధానాన్ని వివరంగా చెబుతుంది. మూడు రకాల ఇటుక పొడి, గుగ్గులు, మైనం, బెల్లం, నూనె, సున్నం, మారేడు గుజ్జు మొదలైన వాటిని కలిపి నెల రోజులు నాననిచ్చిన తరువాత ఆ మిశ్రమాన్ని గోడకు పూయాలి. దానిపై మరొక పూత వేసి, పాలు చిలకరిస్తూ నునుపు వచ్చేవరకు రుద్దాలి. ఇలా సిద్ధమైన గోడ నూరేళ్లయినా చెడదని గ్రంథం హామీ ఇస్తుంది. ఇక్కడ గమనించదగిన అంశం కాలం. వేయబోయే బొమ్మ ఏదో తెలియకముందే అది ఎంతకాలం నిలవాలో నిర్ణయం జరిగిపోయింది.

పన్నెండవ శతాబ్దిలో కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు రచించిన అభిలషితార్థచింతామణి వజ్రలేపాన్ని వివరిస్తుంది. గేదె చర్మాన్ని నీటిలో వెన్నలా మెత్తబడే వరకు ఉడికించి, కడ్డీలుగా చేసి ఆరబెట్టి, కావలసినప్పుడు వేడినీటిలో కరిగించి, తెల్లమన్నుతో కలిపి ఆరిన గోడకు మూడుమార్లు పూయాలని విధి. నేటి తెలంగాణలోని అధికభాగం ఆ ప్రభువుల ఏలుబడిలో ఉండేది. మూడు పూతలు, తెల్లమన్ను, జిగురు అనే ఈ మూడు లక్షణాలు చేర్యాల పటంలోనూ కనిపిస్తాయి. అందువల్ల చేర్యాల నకాషీలు శాస్త్రోక్త విధినే అనుసరిస్తున్నారని నిర్ణయించాలన్న ఆకర్షణ పరిశోధకులకు కలగడం సహజం.

ఆ ఆకర్షణను నిగ్రహించుకోవలసి ఉంది. చాళుక్య గ్రంథంలోని జిగురు చర్మం నుండి వచ్చినది, నకాషీల జిగురు చింతగింజల నుండి వచ్చినది. గ్రంథంలోని తలం కదలని గోడ, నకాషీల తలం నిత్యం చుట్టి విప్పే గుడ్డ. చింతగింజల జిగురును ‘వజ్రలేపం’ అని పిలిచినందువల్ల దానికి గౌరవం పెరగదు. పైగా, ఒక స్థానిక జ్ఞానం ఏ అవసరం నుండి పుట్టిందన్న ప్రశ్న అడగకుండానే సమాధానం దొరికినట్లవుతుంది. శాస్త్రం సరైన ప్రశ్నను మాత్రమే అందిస్తుంది: ఈ భూమి ఎంతకాలం, ఏ స్థితిలో, ఎవరి ఎదుట నిలవాలి? సమాధానాన్ని ఆయా భూముల నుండే వెదకాలి.

4. నిలిచే భూమి: లేపాక్షి

కూర్మశైలం మీది వీరభద్రాలయం పదహారవ శతాబ్దిలో, అచ్యుతదేవరాయల కాలంలో విస్తరించింది. నిర్మాతలుగా విరూపణ్ణ, వీరణ్ణ సోదరుల పేర్లు ప్రసిద్ధం. నాట్యమండపం, అర్ధమండపం మొదలైన చోట్ల చిత్రాలు ఉన్నది ప్రధానంగా కప్పు మీద. ఆ కప్పు నల్లరాయి. ఇటుక గోడ నీటిని పీల్చుకుని గారను పట్టుకుంటుంది. నల్లరాయి నీటిని పీల్చుకోదు. పైగా కప్పు మీది గారను దాని బరువే కిందికి లాగుతూ ఉంటుంది. ఈ పరిస్థితిలో గార పలుచగా, గట్టిగా, రాతి గరుకును పట్టుకుని నిలవాలి. లేపాక్షి చిత్రాలలో లోతు భ్రమ కంటే గీతకు, చదునైన రంగుకు ప్రాధాన్యం ఎక్కువ. ఈ లక్షణాన్ని సాధారణంగా విజయనగర శైలిగా మాత్రమే వివరిస్తారు. తల పైకెత్తి చూసే ప్రేక్షకుడు, పలుచని తెల్లని గార కూడా ఈ లక్షణానికి తోడ్పడ్డాయని భావించడానికి అవకాశం ఉంది.

సున్నపు గారకు ఒక స్వభావం ఉంది. కాల్చి, నీటితో విరిచిన సున్నం పూసిన తరువాత గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ తిరిగి రాయిగా మారుతుంది. తడి ఆరకముందు వేసిన రంగు ఈ మార్పులో చిక్కుకుని గారలో భాగమవుతుంది. ఆరిన తరువాత వేసిన రంగుకు జిగురు తోడు కావాలి, అది పైపొరగానే ఉంటుంది. లేపాక్షి చిత్రాలు ఏ పద్ధతిలో వేసినవన్న ప్రశ్నను సాంకేతిక నిపుణులకు వదిలి విమర్శ ముందుకు సాగుతూ ఉంటుంది. కాని అది విమర్శ ప్రశ్న కూడా. తడి గార చిత్రకారునికి గంటలు మాత్రమే ఇస్తుంది, పొడి గార రోజులు ఇస్తుంది. లేపాక్షి స్త్రీమూర్తుల చీరల మీది చారలు, గళ్లు, పూలు, అంచులు ఎంతో ఓపికతో చేసిన సూక్ష్మమైన పని. ఈ తీరిక ఆరిన భూమి మీద సాధ్యమైనంతగా తడి భూమి మీద సాధ్యం కాదు. ఇది సూచన మాత్రమే, నిరూపణ కాదు. అయితే చీరల నమూనాలను వస్త్రచరిత్రకు ఆధారంగా వాడుకునే పరిశోధన, ఆ నమూనాలు వేయడానికి చిత్రకారునికి ఎంత వ్యవధి దొరికిందని అడగకపోవడం లోపమే.

భూమిని చదవడానికి శిథిలత కూడా సహకరిస్తుంది. గారలో కలిసిపోయిన రంగు గారతోపాటే పెచ్చుగా రాలుతుంది. పైపొరగా ఉన్న రంగు పొడిగా రాలి, తెల్లని గారను మిగులుస్తుంది. బోడి రాయి కనిపించే చోటు ఒక విషయం చెబుతుంది, తెల్లదనం కనిపించే చోటు మరొక విషయం చెబుతుంది. చిత్రం పోయిన చోటును ‘శిథిలం’ అన్న ఒక్క మాటతో దాటవేసే వర్ణన ఈ సాక్ష్యాన్ని కోల్పోతుంది.

5. తడిసే భూమి: శ్రీకాళహస్తి

కలంకారీలో భూమి సంస్కారం మరొక విధంగా ఉంటుంది. ఉతికి, పేడనీటిలో నానబెట్టి, ఎండలో ఆరబెట్టి తెలుపు చేసిన నూలుగుడ్డను కరక్కాయ పొడి, గేదె పచ్చిపాలు కలిపిన ద్రవంలో ముంచి, పిండి, ఆరవేస్తారు. గుడ్డ లేత పసుపు రంగుకు తిరుగుతుంది. దీని మీద ఏ పొరా ఏర్పడదు. గోడకు గార పైపూత. కలంకారీ గుడ్డకు కరక్కాయ పోగులోపలి గుణం.

చింతపుల్లల బొగ్గుతో ఆకారాన్ని గుర్తించుకున్న తరువాత వెదురు కలంతో కసిం గీత వేస్తారు. ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన ద్రవమే కసిం. కరక్కాయలోని వగరు పదార్థాన్ని ఇనుపద్రవం తాకినప్పుడే గీత నల్లబడుతుంది. కరక్కాయ పట్టించని గుడ్డ మీద అదే కలం, అదే చేయి, అదే కసిం తుప్పు మరకను మిగులుస్తాయి. అంటే కలంకారీలో నలుపు కలం నుండి దిగేది కాదు. కలానికీ భూమికీ మధ్య పుట్టేది. చిత్రకారుడు గీతను వేస్తాడు, నలుపును గుడ్డ ఇస్తుంది. భూమి వేరు, చిత్రం వేరు అన్న విభజన ఇక్కడ పూర్తిగా కూలిపోతుంది.

పాల పనీ అటువంటిదే. పాలలోని కొవ్వు ద్రవాన్ని పోగుల వెంట పాకనివ్వదు. కలంకారీ గీత అంచు తేటగా ఉండడంలో చేతి నేర్పుతోపాటు పాలకూ భాగం ఉంది. ‘కాళహస్తి గీతలోని తేటదనం’ అని మెచ్చుకునే విమర్శ, ఆ మెప్పులో కొంత భాగాన్ని గుడ్డను ముంచి పిండిన చేతులకు పంచవలసి ఉంటుంది. ఆ చేతులు చాలాసార్లు చిత్రకారునివి కావు, ఇంటివారివి, తోటి పనివారివి. భూమి సంస్కారాన్ని చిత్రరచనకు వెలుపల ఉంచడం వల్ల కర్తృత్వాన్ని గురించిన అంచనా కూడా కుదించుకుపోయింది.

మరొక విశేషం ఏమిటంటే, ఇక్కడ భూమి సంస్కారం ఒక్కసారితో ముగియదు. ఎరుపు రావలసిన చోట పటికనీరు పూసి, పారే నీటిలో జాడించి, మంజిష్ఠ, చిరివేరు వంటి వేళ్లతో ఉడికించిన తరువాత గుడ్డను మళ్లీ తెలుపు చేస్తారు. పసుపు, నీలం వేయడానికి ముందు మళ్లీ పాలు పట్టిస్తారు. ప్రతి రంగుకూ భూమి కొత్తగా సిద్ధం కావాలి. అలకడం, పండుగ ఇక్కడ ఒకదాని తరువాత ఒకటిగా వచ్చి ఆగిపోవు, మార్చి మార్చి వస్తాయి. స్వర్ణముఖి ప్రవాహం ఈ కళకు నేపథ్యం మాత్రమే అన్నట్లు రాయడం సరికాదు. పారే నీరు అందులో ఒక పనిముట్టు.

ఈ పరిశీలన వల్ల ఒక ఆచరణాత్మకమైన ఫలితం ఉంది. ‘కలంకారీ’ పేరుతో తెరముద్రణ గుడ్డలు విరివిగా అమ్ముడవుతున్నాయి. వాటి మీద అవే దశావతారాలు, అవే అంచులు, అవే కళ్లు. రూపభేదం, ప్రమాణం, సాదృశ్యం అన్న కొలతలతో పరీక్షిస్తే ముద్రణ ఓడిపోదు. ఒక్కోసారి ప్రమాణంలో చేతిపనికంటే కచ్చితంగానే ఉంటుంది. ఆకారాలను మాత్రమే చదవడం నేర్చిన విమర్శ ఈ రెంటి మధ్య తేడాను చెప్పలేక ‘చేతిపనిలోని జీవం’ వంటి మాటలను ఆశ్రయిస్తుంది. భూమిని చదివే విమర్శకు ఆ అవసరం లేదు. ఒకదానిలో నలుపు పోగులో పుట్టింది, మరొకదానిలో పోగుపై అంటింది.

6. చుట్టుకునే భూమి: చేర్యాల

చేర్యాల పటం కథకుని భుజం మీద ఊరూరా తిరగడానికి పుట్టింది. పద్మశాలీలకు మార్కండేయ, భావనారుషుల కథ చెప్పే కూనపులివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు ఈ పటాలను నకాషీల చేత రాయించుకునేవారు. సుమారు మీటరు వెడల్పు, పది మీటర్లకు మించిన పొడవు గల పటాన్ని రాత్రికి కొంతగా విప్పుతూ, కథ జరిగిన మేరకు చుట్టుతూ ప్రదర్శించేవారు. ఈ వినియోగాన్ని కథన శాస్త్ర దృష్టితో చర్చించిన పరిశోధనలు ఉన్నాయి. చుట్టి విప్పే ఈ చలనం మొదట తాకేది భూమిని.

ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమన్ను, ఉడికించిన చింతగింజల జిగురు, చెట్టుబంక కలిపిన పూతను మూడుమార్లు పట్టిస్తారు. ఒక పూత పూర్తిగా ఆరిన తరువాతనే మరొకటి. ఇందులోని ప్రతి పదార్థం మరొకదాని దోషాన్ని అదుపు చేస్తుంది. సుద్ద నేత కన్నాలను పూడ్చి తెల్లని నునుపును ఇస్తుంది, కాని సుద్ద ఎక్కువైతే చుట్టినప్పుడు పగులుతుంది. జిగురు సుద్దను గుడ్డకు పట్టి ఉంచుతుంది, కాని జిగురు ఎక్కువైతే గుడ్డ బిరుసెక్కుతుంది. రెండూ తక్కువైతే రంగు గుడ్డలోకి ఇంకి మందగిస్తుంది. గోడకు కావలసింది గట్టిదనం. పటానికి కావలసింది గట్టిదనంతోపాటు వంగే గుణం. ఈ పాళ్లలో కథకుని ప్రయాణం ఇమిడి ఉంది.

చింతగింజల జిగురుకు మరొక సంబంధం కూడా పరిశీలించదగినది. చింతగింజల పిండి నేతలో నూలుకు బిగువునిచ్చే గంజిగా కూడా ఉపయోగపడుతుంది. గంజి పట్టని పడుగు మగ్గం మీద తెగుతుంది. నకాషీలకు ప్రధాన పోషకులలో పద్మశాలీలు ఉన్నారన్న విషయాన్ని దీనితో కలిపి చూసినప్పుడు, పటం భూమి నేతవారి ఇంటి జ్ఞానానికి చాలా దగ్గరగా ఉన్నట్లు తోస్తుంది. ఎవరు ఎవరి నుండి గ్రహించారన్నది ఈ సామ్యం తేల్చదు. అయినా, శాస్త్రగ్రంథాలలోని వజ్రలేపంలో మూలాలు వెదకడం కంటే పక్కింటి మగ్గంలో వెదకడం పరిశోధనకు ఫలవంతమైన మార్గం. నకాషీలు బొమ్మలను, ముఖాకృతులను చేసేటప్పుడు కూడా రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపి వాడడం, ఈ పదార్థం వారి చేతిలో ఎంత మౌలికమైనదో తెలుపుతుంది.

కథకుల పోషణ తగ్గిన తరువాత పటం చిన్నదైంది. ఒకటి రెండు ఘట్టాల చిత్రం అద్దపు చట్రంలో ఇంటి గోడకు చేరింది. ఎర్రని వెనుకతలం, ఆకారాలు, కళ్లు కొనసాగుతున్నందున సంప్రదాయం కొనసాగుతున్నదనే నిర్ణయం సులభంగా వస్తుంది. భూమి వైపు నుండి చూస్తే ఒక మౌలికమైన మార్పు కనిపిస్తుంది. చట్రంలోని చిత్రం చుట్టుకోనక్కరలేదు. వంగే గుణం కోసం తరతరాలుగా కుదుర్చుకున్న పాళ్లకు అక్కడ పని లేదు. పని లేని జ్ఞానం బోధనలో మొదట సన్నగిల్లుతుంది. ఆకారాలు మారకముందే సంప్రదాయం అడుగు నుండి మారడం అంటే ఇదే. కళాకారులు ఈ మార్పును జీవిక కోసం అంగీకరించారు, అందుకు వారిని తప్పుపట్టే హక్కు విమర్శకు లేదు. మార్పును గుర్తించే బాధ్యత మాత్రం ఉంది.

7. పటం అన్న మాట

విమర్శ మరచిన విషయాన్ని భాష మరవలేదు. సంస్కృతంలో ‘పటం’ అంటే వస్త్రం. తెలుగులో ఆ మాట గుడ్డ మీది చిత్రానికి, తరువాత చిత్రానికంతటికీ, ఆ పైన భూగోళ పటానికి కూడా పేరైంది. కాగితం మీది ఫొటోను అద్దంలో బిగించినా ‘పటం కట్టించడం’ అనే అంటారు. భూమి పేరే చిత్రానికి పేరుగా నిలిచింది. ‘భూమిక’ అన్న మాట నటుని పాత్రకు, గ్రంథపీఠికకు కూడా చెల్లుతుంది. ఆధారానికీ ఆకృతికీ మధ్య తెంపలేని సంబంధాన్ని ఈ వాడుకలు మోస్తున్నాయి. ఇంటి ముంగిట పేడనీళ్లు చల్లి, ఆ పచ్చదనం ఆరకముందే ముగ్గు పెట్టే ఇల్లాలికి ఇది చెప్పవలసిన విషయం కాదు. అలకని నేల మీద పిండి తెలుపు తేలదని ఆమెకు తెలుసు.

8. ముగింపు

ఈ వాదానికి ఒక ఆక్షేపణ రావచ్చు. భూమినే పట్టుకుంటే విమర్శ పదార్థ విజ్ఞానంగా మారిపోదా? ఆక్షేపణ నిరాధారమైనది కాదు. లేపాక్షి వీరభద్రుని భంగిమను గార వివరించదు. జాంబపురాణంలోని ధిక్కారాన్ని సుద్ద వివరించదు. ‘ఇల్లలకగానే పండుగ కాదు’ అన్న సామెత ఇక్కడ హద్దు గీస్తుంది. భూమి సంస్కారం రూపాన్ని, వ్యవధిని, మన్నికను, కర్తృత్వాన్ని మార్చిన మేరకే అది విమర్శకు విషయం. ఆ మేరకైనా అది ఇప్పటివరకు విషయం కాలేదన్నదే ఈ వ్యాసం ప్రతిపాదన.

మూడు భూములూ మూడు జీవితాలను ముందే నిర్ణయించుకున్నాయి. నిలవవలసిన చిత్రానికి రాయిగా మారే సున్నం, నీటిలో తడుస్తూ పుట్టవలసిన చిత్రానికి పోగులోకి ఇంకే కరక్కాయ, తిరగవలసిన చిత్రానికి వంగే సుద్ద. చిత్రాల వర్ణన ఇకమీదట మూడు ప్రశ్నలతో మొదలుకావడం ఉచితం. ఈ తలం దేనితో సిద్ధమైంది? ఎవరి చేతులు సిద్ధం చేశాయి? ఎంతకాలం, ఏ కదలికను తట్టుకోవడానికి? క్షేత్ర పర్యటనలో కథను, ఆకారాలను నమోదు చేసే పరిశోధకులు గంజి పాళ్లను, పూతల మధ్య ఆరుదలను, కరక్కాయ నానిన వేళలను కూడా అదే శ్రద్ధతో నమోదు చేయాలి. కథలు ముద్రణలో ఉన్నాయి, ఆకారాలు ఛాయాచిత్రాలలో ఉన్నాయి. పాళ్లు మాత్రం ఇంకా చేతులలోనే ఉన్నాయి, ఆ చేతుల సంఖ్య తగ్గుతున్నది.